కొత్త డబ్బాలో పాత పార్టు

శనివారం ఉదయానికి ఉమాశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్లు పోసి, భర్తకు పెట్టి, తనూ తిని, ప్రగతి నగర్ నుంచి రాయదుర్గం దాకా కారు నడుపుకుంటూ వెళ్ళాలి. అక్కడ గేటు ముందు తిప్పుకుని మళ్ళీ నడుపుకుంటూ ఇంటికి రావాలి. దారిలో కారు ఆగకూడదు. సిగ్నళ్ళ దగ్గర ఆగొచ్చు, గేదెలు అడ్డం వస్తే ఆగొచ్చు. దానంతటది మాత్రం ఆగకూడదు.

ఆ చివరి ముక్క మీదే ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. రాయదుర్గంలో ఒక పెద్ద ఐటీ కాంప్లెక్సులో, ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్‌కి ఆమెను బాధ్యురాలిగా రమ్మన్నారు. సోమవారం చేరాలి. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు నర్సరీ టీచరుగా చేసింది. ఆ తర్వాత తన కొడుకు అవినాష్‌నీ, అపార్టుమెంటులో ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లల్నీ ఆడించుకుంటూనే యాభై దాటేసింది. 'మా బాబుని కాస్త చూస్తుండండి ఆంటీ' అన్నవాళ్ళెవరూ దాన్ని పని అనుకోలేదు. ఆమే అనుకోలేదు. ఇప్పుడు అదే పనికి ఒక పేరు పెట్టి, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు కూడా ఇస్తామంటున్నారు. ఆ కార్డు తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఎవరూ చూడకుండా ఒక గంతు వేయాలనిపించేది. కానీ పిల్లల్ని దింపే తల్లిదండ్రుల కంటే ముందే ఆమె అక్కడ ఉండాలి. బస్సులు మారి వెళ్ళి చూసింది. మనసు సరేనంది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇక కారొక్కటే దారి.

కారు ఆమె భర్త విశ్వేశ్వరరావుగారిది. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన విప్పని వస్తువు లేదు. విప్పిన తర్వాత మళ్ళీ పనిచేసినవి కూడా కొన్ని ఉన్నాయి. మనిషి మాత్రం మంచివాడు. ఆమె డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న రోజు, తనే పాసైనంత సంబరంగా అపార్టుమెంటంతా మిఠాయిలు పంచారు.

అయితే కారు ఆమె చేతికొచ్చిన దగ్గర్నుంచీ దానికో వింత రోగం పట్టుకుంది. బాగా నడుస్తూ నడుస్తూ, కాస్త దూరం పోయాక ఠపీమని ఆగిపోయేది. కాసేపు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఆ కాసేపట్లో ఎవరు ఏం చేస్తే అదే మందు అయిపోయేది. ఒకసారి ట్రాఫిక్ హోంగార్డు బానెట్ మీద రెండు దెబ్బలేశాడు, స్టార్టయింది. ఇంకోసారి ఎవరో ఆటోడ్రైవరు జాలిపడి, నలుగురి చేతా తోయించి చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు, స్టార్టయింది. మరోసారి విశ్వేశ్వరరావుగారు ఫోనులోనే ఏసీ ఆపించి, అద్దాలు దింపించి, నాలుగు తలుపులూ తీయించి మూయించారు. అప్పుడూ స్టార్టయింది. ఆ విజయం గురించి ఆయన వాకింగ్ స్నేహితులందరికీ చెప్పుకున్నారు.

ఆయన నడిపితే మాత్రం కారు ఏనాడూ ఆగలేదు. ఆయన నడిపేది రైతు బజారు దాకా, లేకపోతే చెరువు చుట్టూ. ఇంజను సరిగా వేడెక్కేలోపే ఇంటికి వచ్చేసేవారు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. "క్లచ్ మీద నీ కాలు కాస్త బరువుగా పడుతోంది ఉమా" అని మెత్తగా తేల్చేశారు. పదిసార్లు వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆమె కూడా పడుకునేటప్పుడు తన ఎడమ కాలి వంక అపనమ్మకంగా చూసుకోవడం మొదలుపెట్టింది.

పోయిన వారం కారు సరిగ్గా ఫ్లైఓవర్ మీద ఆగింది. ఆమె ఆయనకు ఫోన్ చేసి మాట్లాడుతుంటే వెనకనుంచి ఒక లారీ హారన్ కొట్టింది. ఆ హారన్ ఆయన చెవిలో పడింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు మణికొండలో ఉండే పినతండ్రి కొడుకు భాస్కర్‌కి ఫోన్ చేసి, కారు నువ్వే తీసుకోరా అన్నారు. భాస్కర్ ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నవాడే. ఉమాశ్రీ బతిమాలగా బతిమాలగా ఆయన ఒక షరతుకు దిగారు.

"శనివారం నేను పక్కన కూర్చుంటాను. రాయదుర్గం దాకా వెళ్ళొద్దాం. ఎక్కడా ఆగకపోతే తాళం నీది. ఒక్కసారి ఆగినా ఆదివారం భాస్కర్ వచ్చి తీసుకుపోతాడు. నిన్ను లారీల మధ్య వదిలేసి నేనింట్లో కూర్చోలేనే."

ఆ మాటలో కోపం ఉంటే ఆమె పోట్లాడేదే. భయం వినిపించింది కాబట్టి ఒప్పుకుంది.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ స్నేహితులతో విడిగా ఉంటున్న అవినాష్‌కి ఆమె ఈ కష్టం చెప్పుకుంది. అతని ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్నవాడొకడు లక్షణాలు వినగానే చెప్పేశాడట. అది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ అని వేలెడంత వస్తువు. ఇంజనులో తిరిగే ఇరుసు ఏ క్షణాన ఎక్కడుందో కారులోని కంప్యూటరుకు అది కబురు పెడుతూ ఉండాలి. పాడైపోయిన సెన్సర్ వేడెక్కితే దానికి నోరు పడిపోతుంది, కబురు అందక ఇంజను ఆగిపోతుంది. చల్లారితే మళ్ళీ నోరొస్తుంది. "అది మార్పిస్తే చాలమ్మా, నీ కాలికేం సంబంధం లేదు" అన్నాడు అవినాష్. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనయింది. నాన్నకు మాత్రం చెప్పవద్దంది. ముందు కారు ఆగకుండా నడిపి చూపిస్తే, ఆయన నోటితో ఆయనే 'ఉమా బాగా నడిపింది' అనాలని ఆమె ఆశ. పార్టు మార్చిన సంగతి ముందే చెబితే ఆ మెప్పు కాస్తా పార్టుకు పోతుంది.

అదే సాయంత్రం తండ్రి కూడా ఫోన్ చేస్తే అవినాష్ ఆయనకూ అదే చెప్పాడు. ఆయనా అమ్మకు చెప్పవద్దన్నారు. కన్నవాళ్ళ మాట జవదాటని కొడుకు కాబట్టి అవినాష్ ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం విశ్వేశ్వరరావుగారు పెన్షనర్ల సంఘం సమావేశానికి వెళ్ళగానే, ఉమాశ్రీ కారును నిజాంపేట రోడ్డులో ఎల్లయ్య షెడ్డుకు తీసుకెళ్ళింది. ఎల్లయ్య కారు కిందికి దూరి పాత సెన్సర్ తీసి, కొత్తది బిగించాడు. ఆ పైన షెడ్డు సంప్రదాయం ప్రకారం చేయవలసిన పని కూడా చేశాడు. పాత పార్టును పెట్రోలుతో కడిగి, శుభ్రంగా తుడిచి, కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఇగో మేడమ్, మీ పాత పార్టు. కొత్త డబ్బల పెట్టిన. మార్చిండో లేదో అని సార్ అడిగితే గిది సూపెట్టుండ్రి."

ఊళ్ళో ఏ మెకానిక్ అయినా ఇదే చేస్తాడు. పాతది చూపిస్తే తప్ప కొత్తది వేశాడని ఎవరూ నమ్మరు. శనివారం గెలిచిన తర్వాత ఆయనకు చూపిద్దామని ఆమె ఆ డబ్బాను డాష్‌బోర్డు అరలో, తుడిచే గుడ్డ కింద దాచింది.

ఇక్కడ ఉమాశ్రీకి తెలియని సంగతి ఒకటుంది. మనం తెలుసుకుంటే తప్పులేదు. శనివారం తెల్లారగట్ల ఆమె పూజగదిలో ఉండగా, విశ్వేశ్వరరావుగారు కారు అద్దాలు తుడుద్దామని కిందికి దిగారు. గుడ్డ లాగితే డబ్బా బయటపడింది. డబ్బా మీద కొడుకు చెప్పిన పేరే ఉంది. ఆయనకు కథంతా అర్థమైపోయినట్టనిపించింది. పాపం, పిచ్చిది పార్టు కొనుక్కొచ్చుకుంది. బిగించమని తనను అడగడానికి భయపడి ఇక్కడ దాచిపెట్టుకుంది. భార్య తనను చూసి అంత భయపడుతోందా అని ఆయనకు గుండె కలుక్కుమంది. చెప్పాపెట్టకుండా తనే బిగించేద్దామనుకున్నారు.

ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట, చెయ్యి పట్టని ఒక సందులో ఉంటుంది ఆ సెన్సర్. ఆయన వేళ్ళు నాలుగు చోట్ల దోక్కుపోయాయి. ఊడదీసిన పార్టు తళతళలాడుతుంటే, ఇన్నేళ్ళయినా ఎంత శుభ్రంగా ఉంది, కారును మనం చూసుకున్న తీరు అలాంటిది అని మురిసిపోయారు. డబ్బాలోని దాని మీద గీతలు చూసి, ఈ రోజుల్లో కొత్త సామాను కూడా ఇలాగే ఏడిచింది అనుకున్నారు. దాన్నే బిగించేశారు. తీసినదాన్ని, లోకాచారం ప్రకారం, డబ్బాలో పెట్టి గుడ్డ కిందికి చేర్చారు. అలా జబ్బుది మళ్ళీ ఇంజనులోకి వెళ్ళింది, మంచిది డబ్బాలో పడుకుంది.

పెసరట్టు తింటున్నప్పుడు ఆయన వేళ్ళకు పసుపు కనబడి ఉమాశ్రీ అడిగింది. కొబ్బరికాయ కొడుతుంటే తగిలిందన్నారు. ఆ ఇంట్లో పొద్దున కొబ్బరికాయ కొట్టలేదు. కానీ ఆమె మనసంతా స్టీరింగ్ మీద ఉండి ఆ విషయం పట్టించుకోలేదు.

బయలుదేరారు. ఇద్దరూ హుషారుగానే ఉన్నారు. కారులో కొత్త పార్టు ఉందని ఇద్దరికీ తెలుసు, అవతలివాళ్ళకు తెలియదని ఇద్దరూ అనుకుంటున్నారు. జేఎన్‌టీయూ దాటారు. రైల్వే స్టేషను దాటారు. పక్కనుంచి ఒక్క సలహా కూడా రాకపోవడం ఉమాశ్రీకి ఆశ్చర్యంగా ఉంది. ఈ మనిషి ఇంత మంచి ప్రయాణికుడని పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది.

సైబర్ టవర్స్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజను ఠపీమని ఆగిపోయింది.

ఉమాశ్రీ హ్యాండ్‌బ్రేక్ లాగి, నాలుగు వైపులా లైట్లు వేసి, అలాగే కూర్చుండిపోయింది. కొత్త పార్టు వేసినా ఆగిందంటే ఇక తప్పు పార్టుది కాదు. కొడుకు తన తృప్తి కోసం ఏదో చెప్పాడు. తన కాలే. పక్కన విశ్వేశ్వరరావుగారి పరిస్థితీ అలాగే ఉంది. పొద్దున చీకట్లో సరిగా కనబడక తనే ఏ వైరో తెంపేసి ఉంటారు. పాపం, దీని ఉద్యోగం తన చేతులారా పాడుచేశారు. ఆ బాధతో ఆయన గొంతు ఎన్నడూ లేనంత మెత్తబడింది.

"నీ తప్పేం లేదులే ఉమా" అన్నారు.

ఉమాశ్రీ ఆ మెత్తదనానికే బెదిరింది. కోపంగా ఉన్నప్పుడు ఆయనతో వాదించవచ్చు. ఆయన ఇలా మెత్తగా మాట్లాడారంటే మనసులో ఏదో తేల్చేసుకున్నారని అర్థం. కారు భాస్కర్‌కి వెళ్ళిపోయినట్టే. "మీరన్నదే నిజమేమోనండీ" అంది ఆమె, క్లచ్ మాట తలుచుకుని నీరసంగా. ఆ మాట విని ఆయన ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. నీ తప్పేం లేదన్నది నిజమేనంటోందంటే, పొద్దున తను కారు కింద దూరడం బాల్కనీలోంచి చూసిందన్నమాట, ఇప్పుడు దెప్పుతోందన్నమాట అనుకుని దిగి వెనక వచ్చే వాళ్ళకు చేతులూపుతూ నిలబడ్డారు.

కాసేపటికి, ఎప్పటిలాగే, కారు ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఫ్లైఓవర్ దిగి మాదాపూర్ సందులో కనబడిన మొదటి షెడ్డులోకి తిప్పేసింది ఉమాశ్రీ. అక్కడి మెకానిక్ పేరు దినేష్. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, దాంతో మాట్లాడుతూనే బానెట్ ఎత్తాడు. విశ్వేశ్వరరావుగారు మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తానని అటు వెళ్ళారు.

ఉమాశ్రీకి అదే అదను. ఈలోగా ఆమె బాగా ఆలోచించుకుంది. పాత పార్టుతో ఫ్లైఓవర్ దాటి మాదాపూర్ దాకా వచ్చిన రోజులున్నాయి. ఈ కొత్తది ఫ్లైఓవర్ పైకి కూడా ఎక్కలేదు. ఏదో నకిలీ సరుకు ఎల్లయ్యకు అంటగట్టి ఉంటారు. ఎంత జబ్బుదైనా పాతదే నయం. ఒకసారి ఆగినా, అది వేసుకుని రాయదుర్గం గేటు దాకా చేరితే ఆయన మనసు మారొచ్చు, తర్వాత ఏమైతే అదవుతుంది. ఆమె అరలోంచి డబ్బా తీసి దినేష్ చేతిలో పెట్టింది.

"ఇందులో పాతది ఉంది బాబూ. అది బిగించి, ఇప్పుడున్నది తీసి డబ్బాలో పెట్టెయ్యి. మా వారికి మాత్రం చెప్పకు."

దినేష్ తలూపి, ఆమె చెప్పినట్టే చేశాడు. ఆ విధంగా ఆమె, తెలియకుండానే, మంచి సెన్సరును ఇంజనులో పెట్టించింది. కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ అప్పుడే క్రెష్ మేడమ్ జయంతి నుంచి ఫోన్ వచ్చింది. గదులు చూపిస్తాను, వస్తున్నారు కదా అని అడుగుతోంది. రోడ్డు చప్పుడుకు ఏమీ వినబడక ఉమాశ్రీ పక్కనున్న టిఫిన్ సెంటరులోకి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే విశ్వేశ్వరరావుగారు నీళ్ళ సీసాతో ఇటు వచ్చారు. ఆయనా దారిలో బాగా ఆలోచించుకున్నారు. పాత పార్టుతో మాదాపూర్ దాకా వచ్చానని ఉమ చాలాసార్లు చెప్పింది. ఆ గీతలు పడ్డ కొత్తది ఫ్లైఓవర్ కూడా ఎక్కలేకపోయింది. ఎంతైనా కంపెనీ సరుకు కంపెనీ సరుకే. ఆయన అటూ ఇటూ చూసి, దినేష్ దగ్గరగా వంగారు.

"డబ్బాలో పాతది ఉందోయ్. అది బిగించి, ఇప్పుడున్నది డబ్బాలో పెట్టు. మేడమ్‌కి చెప్పకు."

దినేష్ మొదటిసారి ఫోను చెవి దగ్గర్నుంచి తీశాడు. "సార్, జర ఒక్క మాట..." అనబోయాడు. చెప్పింది చెయ్యవయ్యా అన్నారు ఆయన, సబ్ స్టేషనులో లైన్‌మన్‌ను గదమాయించిన గొంతుతో. దినేష్ మళ్ళీ స్పానర్ అందుకున్నాడు. రహస్యం చెప్పనని ఇద్దరికీ తలూపాడు, ఇద్దరి మాటా నిలబెట్టాడు. ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో అరుదే, కానీ ఆ పూట దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు.

వాళ్ళు మళ్ళీ బయలుదేరేసరికి ఎండ ముదిరింది. మైండ్‌స్పేస్ దగ్గర శనివారమైనా రద్దీ తగ్గలేదు. అంగుళం అంగుళం పాకుతుంటే కారు వేడెక్కుతోంది. ఉమాశ్రీ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుతోందో ఆమెకే తెలియాలి. విశ్వేశ్వరరావుగారు రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నారు, తను లాగితేనే కారు కదులుతోందన్నట్టు. రాయదుర్గం వచ్చింది. కాంప్లెక్సు కనబడింది. గేటు వచ్చింది. ఆమె సంతోషంగా ఊపిరి వదిలి లోపలికి తిప్పింది.

సరిగ్గా గేటు మధ్యలో, పైకి లేచిన అడ్డకర్ర కింద, కారు ఆగిపోయింది.

వెనక క్యాబులు వరసకట్టాయి. సెక్యూరిటీ అతను ఈల ఊదుకుంటూ వచ్చాడు. అడ్డకర్ర కిందికి దిగబోయి, కారు తగులుతుందని మళ్ళీ పైకి లేచి, దిగాలో లేవాలో తెలియక ఊగుతోంది. సెక్యూరిటీ అతనూ ఇద్దరు క్యాబ్ డ్రైవర్లూ కలిసి కారును పక్కకు నెట్టారు. అటునుంచి జయంతి, నెత్తిన ఎండ పడకుండా ఫైలు అడ్డం పెట్టుకుని, ఎదురొస్తోంది. ఆమె మెడలో కార్డు ఊగుతోంది. నీలం రంగు పట్టీ. ఉమాశ్రీ ఆ పట్టీనే చూసింది.

"ఏవండీ, కారు భాస్కర్‌కి ఇచ్చేయండి" అంది నెమ్మదిగా. "నాకీ ఉద్యోగం వద్దు. నా వల్ల కాదు. జయంతిగారికి నేనే చెప్పేస్తాను."

విశ్వేశ్వరరావుగారు తట్టుకోలేకపోయారు. "ఆగు ఉమా. తప్పు నాది. నువ్వు కొని దాచుకున్న సెన్సర్ పొద్దున నేనే బిగించాను. ఎక్కడో తేడా చేశాను. ఇందాక మళ్ళీ పాతదే వేయించాను."

ఉమాశ్రీ ఆయన వంక చూసింది. పసుపు రాసిన వేళ్ళ వంక చూసింది. "నేను కొని దాచుకున్నదేమిటండీ? అది పాతది. కొత్తది నేను శుక్రవారమే ఎల్లయ్య చేత వేయించాను."

ఇద్దరూ లెక్క వేసుకుంటున్నారు. ఉమాశ్రీ మాదాపూర్‌లో తను చేయించిన ఘనకార్యం కూడా చెప్పింది. లెక్క ఎటూ తెగక, విశ్వేశ్వరరావుగారు షెడ్డుకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు.

"మేడమ్ చెప్పిండ్రు, మార్చిన. సార్ చెప్పిండు, మళ్ళ మార్చిన" అన్నాడు దినేష్. "ఒకరికొకరు చెప్పొద్దన్నరు, నేనేం జెయ్యాలె? ఇగ మూడోసారి మార్చాల్నా?"

"అక్కర్లేదు నాయనా" అంది ఉమాశ్రీ. ఆమెకు లెక్క తేలిపోయింది. ఎన్నిసార్లు తారుమారైనా, వేడికి ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఇంజనులో ఉన్నది జబ్బుది. మంచిది డబ్బాలో ఉంది. ఆమె కారు దిగి, కొంగు నడుముకు దోపింది.

కాసేపు ఇంజను చల్లారనిచ్చి, డిక్కీలోని స్పానర్లు తీశారు. విశ్వేశ్వరరావుగారి వేళ్ళు వాచి ఉన్నాయి. ఆ సందులోకి దూరలేదు. ఉమాశ్రీ గాజులు మోచేతి పైకి తోసుకుని చెయ్యి పెడితే హాయిగా దూరింది. పాలసీసా మూతలూ బొమ్మల బ్యాటరీ తలుపులూ ఇన్నేళ్ళు తీసిన చెయ్యి అది. ఆయన ఫోను లైటు పట్టుకున్నారు. ఒక్కటే బోల్టు. విప్పింది, జబ్బుది తీసింది, మంచిది పెట్టి బిగించింది. లైటు పట్టుకున్న మనిషి నోరు ఊరుకోలేక మెల్లగా అడిగారు.

"మార్చానని నాకెందుకు చెప్పలేదు ఉమా?"

"కారు ఆగకుండా వెళ్తే, నేను బాగా నడిపానని మీ నోటితో వినాలని. మరి మీరెందుకు చెప్పలేదు?"

ఆయన లైటు కాస్త అటు తిప్పారు. "కారు ఆగకుండా వెళ్తే, బాగా నడిపానని నువ్వు అనుకోవాలని. నా మాటలు పట్టుకుని నీ కాలు మీద నువ్వే నమ్మకం పోగొట్టుకున్నావు కదా."

ఉమాశ్రీకి కళ్ళు చెమర్చాయి. రెండు చేతులకూ గ్రీజు ఉండటంతో తుడుచుకోవడానికి వీల్లేకపోయింది. ఆయనే చేతిరుమాలుతో తుడిచారు. ఆ తుడుపులో ఆయన వేళ్ళ పసుపు కాస్త ఆమె బుగ్గకు అంటుకుంది.

ఇదంతా కొంచెం దూరంలో నిలబడి చూస్తున్న జయంతి ఇప్పుడు దగ్గరకు వచ్చింది. కొత్తగా చేరబోయే మనిషి బుగ్గన పసుపుతో, మోచేతుల దాకా గ్రీజుతో నిలబడి ఉంటే ఆమె ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. సోమవారం రాగలరా అని మాత్రం అడిగింది. తప్పకుండా వస్తానంది ఉమాశ్రీ. తర్వాత కారెక్కి తాళం తిప్పింది. స్టార్టయింది.

అదే ఎండలో, అదే రద్దీలో తిరిగి వచ్చారు. కారు మైండ్‌స్పేస్ దగ్గర ఆగలేదు, ఫ్లైఓవర్ మీద ఆగలేదు, జేఎన్‌టీయూ దగ్గర ఆగలేదు. అక్కడ సిగ్నల్ పడినప్పుడు విశ్వేశ్వరరావుగారు భాస్కర్‌కి ఫోన్ చేశారు. "కారు ఇవ్వడం లేదురా. మీ వదిన ఆఫీసుకు వెళ్ళాలి" అన్నారు. ఆయన గొంతులో మిఠాయిలు పంచిన నాటి గర్వం వినబడింది. ఇంటి దగ్గర కారు దిగాక, ఎవరో అడిగినట్టు, "బాగా నడిపావు ఉమా" అని కూడా అన్నారు.

ఆదివారం పొద్దున ఉమాశ్రీ చేసిన మొదటి పని, జబ్బు సెన్సరును డబ్బాతో సహా మున్సిపాలిటీ చెత్త ఆటోలో తన చేత్తో పడేయడం. ఎప్పటికైనా పనికొస్తుందేమో అని ఆయన వెంటపడి మెట్లు దిగారు గానీ, అప్పటికే ఆటో వీధి మలుపు తిరిగింది. ఇకమీదట ఇంట్లో దాపరికాలు వద్దని ఇద్దరూ కాఫీ తాగుతూ ఒట్టు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం భోజనానికి అవినాష్ వచ్చాడు. తల్లిని వంటింట్లోకి పిలిచి, జేబులోంచి ఒక చిన్న పార్టు తీసి చేతిలో పెట్టాడు. నల్లగా, చిన్న వైరుముక్కతో ఉంది. మళ్ళీ ఎప్పుడైనా అవసరమవుతుందేమోనని మంచి కంపెనీది తెప్పించాడట. డబ్బా ఉంటే గందరగోళమని డబ్బా కూడా పారేశాడు. "నాన్నకి చెప్పకమ్మా, మళ్ళీ బిగించేస్తారు" అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఒట్టు సంగతి గుర్తొచ్చి ఆమె ఒక్క క్షణం తటపటాయించింది, ఆ తర్వాత దాన్ని మినపప్పు డబ్బా వెనక పెట్టింది. ఆ ఇంట్లో మగవాళ్ళ చెయ్యి ఏనాడూ పడని చోటు అదొక్కటే.

సోమవారం కారు రాయదుర్గం దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. నీలం పట్టీ కార్డు మెడలో వేసుకుని, ఎవరూ లేకుండా చూసి, ఉమాశ్రీ ఆ గంతు కాస్తా వేసేసింది. పిల్లలు వచ్చారు, ఏడ్చారు, నవ్వారు, తిన్నారు. మధ్యాహ్నం వాళ్ళను నిద్రపుచ్చి కూర్చుందో లేదో ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

"ఉమా, నువ్వు అలసిపోయి వస్తావు కదా అని గారెలు చేద్దామని మినపప్పు నానబోశాను" అన్నారు విశ్వేశ్వరరావుగారు ఉత్సాహంగా. "డబ్బా వెనక నల్లగా, వైరుతో ఏదో పార్టు దొరికింది. మిక్సీలోంచి ఊడినదే అయ్యుంటుంది, అందుకే కదూ ఈ మధ్య దాని గొంతు మారింది. నువ్వేం కంగారు పడకు, నేను విప్పి చూస్తాను."

కారు గేటు పక్కన నీడలో క్షేమంగానే ఉంది. ఇంట్లో ఉన్నది మిక్సీ.